ఎండ ఉంది, కరెంటు లేదు

ఆంధ్రప్రదేశ్ ఇంధన శాఖ మంత్రి గారికి,



నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇళ్లకు వైరింగు చేసే ఎలక్ట్రీషియన్ని. ఐటీఐలో ట్రేడు నేర్చుకుని ఊరికి వచ్చి ఇరవై రెండేళ్లయింది. పలాస, వజ్రపుకొత్తూరు, కవిటి మండలాల్లో నా చేతుల మీదుగా వెలిగిన ఇళ్లు చాలా ఉన్నాయి. రెండేళ్లుగా ఇళ్ల కప్పుల మీద సోలారు ప్యానెళ్లు బిగించే పని కూడా చేస్తున్నాను. ఆ పనిలో ఒక పెద్దావిడ నన్నొక ప్రశ్న అడిగింది. దానికి సగం జవాబు నేను చెప్పగలిగాను. మిగతా సగం మీరు చెప్పాలి. అందుకే ఈ ఉత్తరం.

ఆవిడ ఇంటి మీద పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టాం. పెద్దకొడుకు హైదరాబాదులో పని చేస్తాడు, అతనే దరఖాస్తు పెట్టించాడు. 78,000 రూపాయల సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడింది. నెల బిల్లు బాగా తగ్గింది. వీధిలో అందరికీ చూపించి మురిసిపోయేది. మొన్నటి అక్టోబరులో గాలివానకు మా ఊళ్లకు కరెంటు తెచ్చే ఫీడరు మీద చెట్లు కూలి రెండు రోజులు కరెంటు పోయింది. రెండోనాటి పొద్దున మబ్బు విడిచి ఎండ కాసింది. పదింటికి ఆవిడ నుంచి కబురు. వెళ్లాను. వాకిట్లో నిలబడి కప్పు మీదికి వేలు చూపించి అడిగింది.

"ఏట్రా నాయనా, ఎండ ఫెళ్ళున కాస్తంది. పైనేమో అన్ని అద్దాలున్నాయి. మరి కరెంటేదిరా?"

నేను బిగించిన పనిలో లోపం లేదు. ఇన్వర్టరూ చెడిపోలేదు. అది ఎలా పనిచేయాలో అలాగే పనిచేసింది. కరెంటు లైను చచ్చిపోగానే తానూ ఆగిపోయింది. ఆ మాట ముందే, దరఖాస్తు పెట్టిన రోజునే ఆవిడకు ఎవరమూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ తప్పు నాది కూడా.

ఎందుకు ఆగిపోతుందో మీకు తెలియనిది కాదు. ఈ ఉత్తరం చదివే మావాళ్ల కోసం చెబుతాను. లైనుకు కలిపి నడిపే సోలారు ఇన్వర్టరు, లైనులో వచ్చే 230 వోల్టులను, 50 హెర్ట్‌జ్ లయను చూసుకుని దానితో కలిసి నడుస్తుంది. ఆ లయ ఆగిన క్షణంలో తానూ తప్పుకోవాలని నిబంధన. తప్పుకోకపోతే ఇంటి మీది కరెంటు వెనక్కి లైనులోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మరు రెండు వైపులా పనిచేస్తుంది. ఇటునుంచి 230 వోల్టులు వెళితే అటు 11,000 వోల్టులై తేలుతుంది. లైను చచ్చిపోయిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఆ నిబంధన మా లైన్‌మన్ల ప్రాణం కాపాడేది. దాన్ని సడలించమని నేను ఎప్పటికీ అడగను.

నేను అడిగేది వేరు. ఇంట్లోనే కరెంటు నిలవ ఉంచి, లైనుతో సంబంధం లేకుండా రాత్రి గడిపే చిన్న ఏర్పాటు కూడా ఇంటికి కావాలి. పెద్ద ప్యానెళ్లు బిల్లు తగ్గిస్తాయి. తుఫాను రాత్రికి దీపం పెట్టేది బ్యాటరీ. ఇవి రెండు వేర్వేరు పనులు. ఈ రెండో పని మీద ప్రభుత్వం చూపు పడాలన్నదే నా మనవి.

ఇది మాకెందుకంత ముఖ్యమో చెప్పాలంటే 2018 అక్టోబరు 11కి వెళ్లాలి. తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది. అమావాస్య వెళ్లి రెండో రోజు. దేవీ నవరాత్రుల్లో రెండో రోజు. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారేసరికి కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలమీద పడుకుని ఉన్నాయి. స్తంభాలు వరుసలు వరుసలుగా ఒరిగిపోయాయి. మా వీధికి కరెంటు వచ్చింది పదమూడో రోజు రాత్రి. ఆ ఏడు దసరా చీకట్లోనే గడిచింది.

ఆ పదమూడు రోజుల్లో చీకటికి మేం భయపడలేదు. ఉద్దానం వాళ్లకు చీకటి కొత్త కాదు. మా భయమంతా అమ్మ గురించే. ఆమెకు ఊపిరి సమస్య. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి నెబ్యులైజరు పెట్టాలి. దానికి కరెంటు కావాలి. మా ఇంటికి మూడు కిలోమీటర్ల దూరంలో ఒక రైస్‌మిల్లు దగ్గర జనరేటరు నడిచేది. కూలిన చెట్ల మధ్య నుంచి, మా అమ్మను సైకిలు మీద కూర్చోబెట్టి నడిపించుకుంటూ రెండు పూటలా తీసుకెళ్లాను. అక్కడ ఫోన్లు చార్జింగు పెట్టుకోవడానికి వచ్చినవాళ్ల మధ్య, పొగలో, ఆ చప్పుడులో మా అమ్మ మూతికి మాస్కు పెట్టుకుని కూర్చునేది. డీజిలు దొరకని రోజున అదీ లేదు.

తర్వాత లెక్క వేసుకున్నాను. ఆ మిషను 120 వాట్లది. పది నిమిషాలు నడవాలి. అంటే పూటకు 20 వాట్ అవర్లు. ఒక యూనిట్లో యాభయ్యో వంతు. అంత చిన్న శక్తి కోసం ఒక ఎలక్ట్రీషియను తన తల్లిని రోజుకు రెండుసార్లు ఆరేసి కిలోమీటర్లు తిప్పాడు. ఊరందరి ఇళ్లలో దీపాలు పెట్టినవాణ్ని, నా ఇంట్లో ఆ పాటి శక్తిని దాచుకోలేకపోయాను. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

2019లో నా ఇంటికి నేను ఒక ఏర్పాటు చేసుకున్నాను. 150 వాట్ల ప్యానెళ్లు రెండు, 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబ్యులర్ బ్యాటరీ ఒకటి, ఒక చార్జ్ కంట్రోలరు. వాటితో పాటు ఒక ఇన్వర్టరు. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుఫాను కళింగపట్నం వైపు తీరం దాటినప్పుడు మాకు మూడు రోజులు కరెంటు లేదు. ఆ మూడు రోజులూ మా అమ్మ ఇంట్లోనే, తన మంచం మీదే నెబ్యులైజరు పెట్టుకుంది. పక్కింటి పిల్లలు మా అరుగు మీద చదువుకున్నారు. పద్దెనిమిది ఫోన్లు మా ఇంట్లో చార్జింగు ఎక్కాయి.

ఇది ఎంత చిన్న ఏర్పాటో అంకెల్లో చెబుతాను. తుఫాను రాత్రి ఒక ఇంటికి ఏం కావాలి? 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, ఐదు గంటలు: 180 వాట్ అవర్లు. ఫోన్లు మూడు: 45. బీఎల్‌డీసీ ఫ్యాను ఒకటి, తక్కువ కరెంటుతో తిరిగేది, 30 వాట్లది, ఎనిమిది గంటలు: 240. మొత్తం 465. ఇన్వర్టరులో, వైర్లలో పోయేది కలుపుకుంటే 600 దాకా. అంటే అర యూనిట్ కన్నా కాస్త ఎక్కువ. 150 ఏహెచ్ బ్యాటరీలో లెక్క ప్రకారం 1,800 వాట్ అవర్లు ఉంటాయి. లెడ్ బ్యాటరీని సగానికి మించి దించితే త్వరగా చచ్చిపోతుంది కాబట్టి మనం వాడుకోదగింది 900. ఒక రాత్రి గడిచి, ఇంకో అర రాత్రికి మిగులుతుంది.

ఇక దాన్ని నింపడం. 300 వాట్ల ప్యానెలు మంచి ఎండలో, నష్టాలు పోను, రోజుకు 900 వాట్ అవర్లు ఇస్తుంది. వాడిందంతా తిరిగి నిండుతుంది. మబ్బు రోజున పావు వంతే వస్తుంది, 225 దాకా. పై లెక్క మళ్లీ చూడండి. బల్బులకు 180, ఫోన్లకు 45, కలిపితే సరిగ్గా 225. ఇన్వర్టరులో, వైర్లలో పోయే కాస్తా బ్యాటరీలో మిగిలినదాంట్లోంచి వస్తుంది. అంటే మబ్బు పట్టిన రోజున కూడా దీపాలు, ఫోన్లు ఆగవు. ఫ్యాను ఆపుకోవాలి, అంతే. ఈ లెక్కను నేను కాగితం మీద వేసి ఊళ్లో వాళ్లకు చూపిస్తాను. చూపించాక ఎవరూ ఇది గొప్పవాళ్ల సంగతి అనలేదు.

దీనితో ఏం కాదో కూడా అంతే స్పష్టంగా చెబుతాను. ఏసీ నడవదు. నీళ్ల మోటారు నడవదు. ఇస్త్రీపెట్టె, మిక్సీ, గీజరు పెట్టకూడదు. ఫ్రిజ్ విషయంలో జాగ్రత్త. నడిచేటప్పుడు వంద, నూటయాభై వాట్లే తీసుకుంటుంది కానీ కంప్రెసరు అందుకునే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. రోజుకు ముప్పావు యూనిట్ నుంచి యూనిట్ దాకా తింటుంది. దానికి బ్యాటరీ కనీసం రెట్టింపు కావాలి. ఇన్సులిన్ ఉన్న ఇళ్లకు ఇది ప్రాణం మీది ప్రశ్న కాబట్టి వాళ్లకు వేరే లెక్క వేయాలి. ఆక్సిజన్ కాన్‌సెంట్రేటరు 300 వాట్లు పైనే లాగుతుంది, ఆగకుండా నడవాలి. అలాంటి రోగి ఉన్న ఇంటిని నాలాంటి వాడి చిన్న బ్యాటరీ మీద వదలకూడదు. ఆ ఇంటి పేరు ముందే అధికారుల దగ్గర ఉండాలి, తుఫాను హెచ్చరిక రాగానే ఆసుపత్రికి చేర్చాలి.

అయ్యా, ఇప్పుడు ఊళ్లలో ఏం జరుగుతోందో చెబుతాను. చాలా ఇళ్లలో ఇన్వర్టరూ బ్యాటరీ ఉన్నాయి. వేసవిలో కరెంటు కోతలకని కొన్నవి. రెండు గంటలు, మూడు గంటలు కరెంటు పోతే అవి చాలు. తుఫాను వచ్చి నాలుగు రోజులు పోతే మొదటి రాత్రే ఖాళీ. తిరిగి నింపడానికి కరెంటు లేదు. 60 కిలోల బ్యాటరీ గది మూలన దిష్టిబొమ్మలా కూర్చుంటుంది. పైన ఎండ వృథాగా పోతుంది. ఆ రెండింటినీ కలపడానికి కావలసింది ఒకటి రెండు ప్యానెళ్లు, ఒక చార్జ్ కంట్రోలరు. సామాను సగం ఇప్పటికే ఇళ్లలో ఉంది. కానీ ప్రభుత్వ పథకాల్లో ఈ చిన్న పనికి చోటు లేదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్‌లో కిలోవాటుకు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడూ ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ. మన రాష్ట్రం ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల దాకా ఉచితంగా పెడుతోంది. ఇవన్నీ మంచి పనులు, నేను కళ్లారా చూస్తున్నాను. అయితే సబ్సిడీ లెక్కంతా లైనుకు కలిపే ప్యానెళ్ల కిలోవాట్ల మీదే. బ్యాటరీ పెట్టుకుంటే వద్దనరు, సాయమూ ఉండదు. 2025 సెప్టెంబరులో ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బ్యాటరీ మీద 18 శాతం. బిల్లు తగ్గించే వస్తువు చవకైంది, రాత్రి కాపాడే వస్తువు ఖరీదుగానే ఉంది.

తోడు లేకపోతే జనం తమకు తోచింది చేసుకుంటారు. అది చూసి నాకు భయమేస్తోంది. కారు బ్యాటరీకి ప్యానెలు కట్టుకున్నవాళ్లున్నారు. ఇంజను తిప్పడానికి చేసిన బ్యాటరీ అది, రోజూ లోతుగా దించితే కొద్ది నెలల్లో పోతుంది. కప్పు మీద పెట్టే 540 వాట్ల పెద్ద ప్యానెలు తెచ్చి, చవకరకం పీడబ్ల్యూఎం కంట్రోలరుతో 12 వోల్టుల బ్యాటరీకి కలుపుతారు. ఆ ప్యానెలు 40 వోల్టుల దగ్గర ఇచ్చే శక్తిలో సగానికి పైగా అక్కడే పోతుంది. ఆ నష్టం లేకుండా చేసే ఎంపీపీటీ కంట్రోలరు కావాలని అమ్మినవాడు చెప్పడు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు ఉండదు. ఏసీ కరెంటుకు వాడే ఎంసీబీని డీసీ కరెంటుకు పెడతారు. డీసీ నిప్పురవ్వ ఏసీలాగా తనంత తాను తెగిపోదు, సాగి అంటుకుంటుంది. సన్నవైరు వేస్తారు. 12 వోల్టుల దగ్గర 600 వాట్లంటే 50 ఆంపియర్లు. సన్నవైరు కాలిపోక ఏం చేస్తుంది? అన్నిటికన్నా ఘోరం, జనరేటరునో ఇన్వర్టరునో గోడలోని ప్లగ్గుకు తిప్పి కలిపి ఇల్లంతా వెలిగించుకోవడం. లైనును విడదీసే చేంజోవరు స్విచ్చి ఉండదు. ఆ కరెంటు లైనులోకి వెళుతుంది. తిత్లీ అప్పుడు స్తంభాలు నిలబెట్టడానికి వేరే జిల్లాల నుంచి వచ్చిన కరెంటు మనుషులతో కలిసి నేనూ పని చేశాను. అన్నం తింటూ వాళ్లు మాట్లాడుకున్న భయం ఒకటే, ఏ ఇంట్లో ఎవరు జనరేటరు పెట్టారో అని. మాకు వెలుగు తేవడానికి వచ్చినవాళ్లు మా ఇళ్ల వల్లే చనిపోయే ప్రమాదం ఉందని ఆ రోజు తెలిసింది.

ఇంకొక మాట వినబడుతుంది. లైన్లే గట్టిగా వేస్తే సరిపోదా, ఇంటింటికీ బ్యాటరీలెందుకు అని. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టాక అక్కడ ప్రపంచ బ్యాంకు సాయంతో భూగర్భ కేబుళ్లు వేశారు. మంచి పని. మాకూ అలా వేస్తే సంతోషమే. కానీ నగరంలో ఒక కిలోమీటరు కేబులు వేస్తే వందల ఇళ్లు వస్తాయి. మా దగ్గర ఒక ఫీడరు తోటల్లోంచి, ఇసుక దిబ్బల మీదుగా, గెడ్డలు దాటి పది పల్లెలకు పోతుంది. ఒక కొబ్బరి చెట్టు పడితే పది పల్లెలూ పోతాయి. ఆ పని పూర్తయ్యేలోగా ఎన్ని అక్టోబరులు వస్తాయో. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న, మరుసటేడు హుద్‌హుద్ అదే తారీకున, 2018లో తిత్లీ 11న. మా పిల్లలు దసరా సెలవులంటే తుఫాను సెలవులనుకునే స్థితికి వచ్చారు. లైను బాగు చేయండి, ఆలోగా రాత్రి గడిచే దారి కూడా చూపండి. ఒకటి చేస్తే ఇంకొకటి వద్దని కాదు.

గాలికి ప్యానెళ్లు ఎగిరిపోవా అని మీ ఇంజనీర్లు అడగవచ్చు. చిన్న ఏర్పాటులో ఉన్న మేలు అక్కడే ఉంది. నా రెండు ప్యానెళ్లనూ రెక్కల నట్లతో బిగించాను. స్పానరు అక్కర్లేదు. వాతావరణ శాఖ హెచ్చరికలు ఇప్పుడు రెండు మూడు రోజుల ముందే వస్తున్నాయి. గులాబ్ వచ్చే రోజు మధ్యాహ్నమే నేను, మా అబ్బాయి కలిసి పదిహేను నిమిషాల్లో ప్యానెళ్లు దించి, గోనెసంచుల్లో చుట్టి, మంచం కింద పెట్టాం. గాలి పోయిన పొద్దున మళ్లీ ఎక్కించాం. మూడు కిలోవాట్ల ప్యానెళ్లను ఎవరూ అలా దించలేరు. తీరం దాటాక ఒకటి రెండు రోజుల్లో ఎండ వస్తుంది, కరెంటు మాత్రం రాదు. ఆ మధ్య రోజులకే ఈ ఏర్పాటు. వరద మాటకొస్తే 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నేలమీద పెట్టిన బ్యాటరీ ఆ నీళ్లలో ఎందుకూ పనికిరాదు. లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 100 ఏహెచ్‌ది పన్నెండు కిలోలే ఉంటుంది. ఒక మనిషి ఎత్తుకుని మేడెక్కవచ్చు. ఖరీదు ఎక్కువైనా లెడ్ బ్యాటరీ కన్నా చాలా ఏళ్లు వస్తుంది, డిస్టిల్డ్ వాటరు పోసే పని లేదు. తీరంలో మనుషులు ఎత్తుకుపోగల బ్యాటరీకి విలువ వేరు.

ఇక నా మనవులు చెబుతాను.

మొదటిది ఖర్చులేనిది. సూర్యఘర్ దరఖాస్తు పెట్టే ప్రతి ఇంటికీ తెలుగులో ఒక్క వాక్యం రాసి ఇవ్వండి: "లైనులో కరెంటు పోతే ఈ సోలారు కూడా ఆగిపోతుంది. కరెంటు లేనప్పుడు కూడా కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ వేరుగా పెట్టుకోవాలి." ఆ రెండో రకానికి ఎంతవుతుందో కూడా అదే కాగితం మీద ఉండాలి. సంతకం పెట్టే ముందు మనిషికి తెలియాలి.

రెండోది, తుఫాను తీరంలో చిన్న ఏర్పాట్లకు రాష్ట్రం చెయ్యందించాలి. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సముద్రం ఒడ్డు మండలాల్లో మొదలుపెట్టండి. కిలోవాటు లెక్క పెట్టకండి. 200, 300 వాట్ల ప్యానెలు, బ్యాటరీ, కంట్రోలరు, చేంజోవరు స్విచ్చి, అంతే. ఇంట్లో ఇన్వర్టరు ముందే ఉన్నవాళ్లకు ప్యానెలు, కంట్రోలరు చాలు. ముందుగా రోగులున్న ఇళ్లు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తినేసిందో రాష్ట్రమంతటికీ తెలుసు. డయాలసిస్‌కు వెళ్లే మనిషికి ఆ రోజు కేంద్రం నడుస్తోందా, దారి ఉందా, అంబులెన్సు వస్తుందా అని అడగడానికి చేతిలో ఫోను బతికి ఉండాలి. ఫోనుకు 15 వాట్ అవర్లు చాలు. ఆ 15 లేకపోతే 108 అనే నంబరే లేనట్టు.

మూడోది, ఊరికొకచోట ఆరని దీపం ఉండాలి. గ్రామ సచివాలయం గానీ, ఆరోగ్య ఉపకేంద్రం గానీ, తుఫాను రక్షణ కేంద్రం గానీ. అక్కడ ప్యానెళ్లు, గట్టి బ్యాటరీ, ఫోన్లు పెట్టుకునే బోర్డు, మందుల ఫ్రిజ్, వీలైతే తాగునీటికి వేరే సోలారు పంపు. 2017లో మరియా హరికేన్ ప్యూర్టో రికో ద్వీపాన్ని నెలల తరబడి చీకట్లో ముంచినప్పుడు, అద్‌హుంటాస్ అనే కొండ ఊళ్లో కాసా ప్వెబ్లో అనే స్థానిక సంస్థ భవనం మాత్రం వెలుగుతూ ఉంది. దాని మీద అప్పటికే సోలారు, బ్యాటరీలు ఉన్నాయి. ఊరి జనం వైద్య పరికరాలు పట్టుకుని అక్కడికే వచ్చారు. ఆ సంస్థ తర్వాత వేల సోలారు లాంతర్లు పంచింది. చీకట్లో ఎక్కడికి పోవాలో తెలిసిన ఊరు త్వరగా లేస్తుంది.

ఇక్కడ ఒక మాట కటువుగా చెప్పాలి, మన్నించండి. కొన్నేళ్ల కిందట మా చుట్టుపక్కల ఊళ్లలో సోలారు వీధి దీపాలు పెట్టారు. మూడు నాలుగేళ్లకు బ్యాటరీలు చచ్చిపోయాయి. మార్చేవాళ్లు లేరు. ఇప్పుడు ఆ స్తంభాలకు బట్టలారేసే తీగలు కడుతున్నారు. బ్యాటరీ వయసైపోయే వస్తువు. పెట్టిన రోజునే దాన్ని మార్చే డబ్బు కూడా పక్కన పెట్టకపోతే ఏ పథకమూ నాలుగేళ్లు దాటదు. అలాగే చచ్చిన లెడ్ బ్యాటరీ ఎటు పోతుందో కూడా చూడాలి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులే వెనక్కి తీసుకోవాలి. ఊళ్లో పాత సామాను కొనేవాడు పెరట్లో పగలగొట్టి సీసం కరిగిస్తే ఆ విషం పిల్లల రక్తంలోకి పోతుంది.

నాలుగోది, నాలాంటి వాళ్లకు నేర్పించండి. ప్రతి మండలంలో నలుగురైదుగురు ఎలక్ట్రీషియన్లుంటారు. డీసీ వైరింగు, ఫ్యూజు, ఎర్తింగు, చేంజోవరు, బ్యాటరీకి గాలి ఆడే చోటు, ఇవి వారం రోజుల్లో నేర్చుకోగలిగినవే. దగ్గరి ఐటీఐలో, కరెంటు పంపిణీ సంస్థ ఇంజనీర్లు, లైన్‌మన్లు కూడా కూర్చుని నేర్పితే మాకూ వాళ్లకూ ముఖపరిచయం అవుతుంది. ఏ ఇంట్లో బ్యాటరీ ఉందో, ఎక్కడ జనరేటరు ఉందో వాళ్ల దగ్గర జాబితా ఉంటుంది. స్తంభం ఎక్కేవాడి భయం సగం తగ్గుతుంది.

మీరు చేయవలసిందే కాదు, మేం చేయవలసింది కూడా ఉంది. ఈ ఉత్తరం చదివే మా తీరం వాళ్లకు నా మాట: బ్యాటరీ కొనే ముందు ఫ్యాను మార్చండి. 75 వాట్ల పాత ఫ్యాను ఎనిమిది గంటలకు 600 వాట్ అవర్లు తింటుంది. 30 వాట్లది 240. ఆ తేడాకే మీ బ్యాటరీ అర రాత్రికి పైగా ఎక్కువ వస్తుంది. అక్కర్లేనప్పుడు ఇన్వర్టరు కట్టేయండి. ఏమీ నడపకపోయినా అది పది, పదిహేను వాట్లు తాగుతూ ఉంటుంది. రోజంతా వదిలేస్తే ఒక ఫ్యానుకు సరిపోయేంత పోతుంది. బ్యాటరీకి నీళ్లు చూసుకోండి. పడుకునే గదిలో, తలుపులు మూసి పెట్టకండి. జనరేటరును ఇంట్లోనో వసారాలోనో నడపకండి, ఆ పొగలోని వాసన లేని విషవాయువు నిద్రలోనే చంపుతుంది. ప్యానెలు మీద కొబ్బరాకు నీడ పడకుండా చూసుకోండి. తుఫాను హెచ్చరిక రాగానే ఫోన్లు, టార్చి, బ్యాటరీ నింపి పెట్టండి. ఒకప్పుడు ప్రతి ఇంట్లో లాంతరు ఉండేది, దాన్ని తుడిచి, ఒత్తి కత్తిరించి, కిరసనాయిలు పోసి సిద్ధంగా పెట్టడం మన అమ్మలకు అలవాటు. ఇప్పుడు లాంతరూ లేదు, కిరసనాయిలూ లేదు. ఆ అలవాటు ఒక్కటి మళ్లీ రావాలి.

మంత్రి గారూ, ఆ పెద్దావిడకు నేను ఇచ్చిన సగం జవాబు ఇది: "పెద్దమ్మా, లైను మీద మనిషి ప్రాణం కోసం అది ఆగింది. నీ ఇంట్లో దీపం కోసం ఇంకొక చిన్నది కావాలి." ఆవిడ విని, "మరి ఆ మాట ముందే చెప్తే నేనదే పెట్టించుకునేదాన్ని కదరా, బిల్లు కంటే నాకు రాత్రే భయం" అంది. ఆవిడ ఒంటరిగా ఉంటుంది. కొడుకుతో రోజూ రాత్రి ఫోనులో మాట్లాడుతుంది. ఆ రెండు రోజులూ అటు కొడుకూ, ఇటు తల్లీ నిద్రపోలేదు.

నా చివరి మనవి ఒకటే. వచ్చే సెప్టెంబరులో, తుఫానులు మొదలయ్యే ముందు, ఒక సాయంత్రం మా ఉద్దానంలో ఏదో ఒక పల్లెకు రండి. ముందే అందరికీ చెప్పి, రోగుల ఇళ్లకు ఏర్పాటు చూసుకుని, ఆ పల్లె ఫీడరును చీకటి పడ్డాక ఒక గంట ఆపించండి. మీరూ నేనూ, లైన్‌మన్, ఏఎన్ఎం కలిసి వీధిలో నడుద్దాం. ఎన్ని ఇళ్లలో వెలుగు మిగిలిందో, ఎన్ని కప్పుల మీద ప్యానెళ్లుండి కింద చీకటి ఉందో లెక్కపెడదాం. సచివాలయంలో దీపం ఉందా, మందుల ఫ్రిజ్ నడుస్తోందా చూద్దాం. ఆ లెక్క ఒక కాగితం మీద రాసి సచివాలయం గోడకు అంటిద్దాం. మరుసటి సెప్టెంబరులో మళ్లీ అదే వీధిలో నడిచి, ఆ కాగితం పక్కన రెండో కాగితం అంటిద్దాం.

నడక మొదలుపెట్టే ఇల్లు ఆ పెద్దావిడది కావాలని నా కోరిక. ఆవిడ అడిగిన ప్రశ్నకు మిగతా సగం జవాబు మీరే, ఆ వాకిట్లో నిలబడి, ఆవిడకే చెప్పండి.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక ఎలక్ట్రీషియన్